బీరువా తలుపుల పికప్పు: ఒక ప్రాజెక్టు డైరీ

అక్టోబరు 2, విజయదశమి

ఆయుధపూజ రోజున లేత్‌కూ, డ్రిల్లింగ్ మిషన్‌కూ, వెల్డింగ్ సెట్లకూ కుంకుమ బొట్లు పెట్టాక, షెడ్డు వెనుక ఆరు నెలలుగా టార్పాలిన్ కింద ఉన్న అంబాసిడర్‌కు కూడా ఒక బొట్టు పెట్టాను. నిమ్మకాయ మాత్రం పెట్టలేదు. అది తన కాళ్ల మీద తాను నడిచిన రోజున చక్రం కింద పెడదామని మేనల్లుడితో చెప్పాను.

మాది హైదరాబాద్ బాలానగర్‌లో గేట్లు, గ్రిల్స్, ఇనుప మెట్లు చేసే చిన్న షెడ్డు. ఇరవై ఏళ్లుగా ప్రతి పనిలోనూ మిగిలిన ముక్కలు గోడ వెంట పేరుకున్నాయి. వాటిని కిలోల లెక్కన తుక్కు కింద అమ్మడానికి నాకు ఎప్పుడూ మనసొప్పలేదు. ఇప్పుడు వాటితో ఒక హాట్ రాడ్ పికప్పు కట్టాలి. బడ్జెట్ లక్షన్నర. అంతకు మించి ఒక్క రూపాయి పెట్టనని ఇంట్లో మాట ఇచ్చాను.

హాట్ రాడ్ అంటే ఇప్పుడు మెరిసే రంగులు, లక్షల విలువ చేసే ఇంజన్లు గుర్తుకొస్తాయి. పుట్టినప్పుడు అది అలాంటిది కాదు. 1930లలో, 40లలో కాలిఫోర్నియా కుర్రాళ్లు చౌకగా దొరికే పాత ఫోర్డు కార్లు కొని, మడ్‌గార్డులు, బంపర్లు, బరువనిపించిన ప్రతిదీ ఊడదీసి, ఎండిపోయిన సరస్సుల మీద పరుగులు తీయించేవారు. 1932లో ఫోర్డు సంస్థ మామూలు జనం కొనగలిగే ధరకు 3.6 లీటర్ల వీ8 ఇంజన్ ఇచ్చింది. దాని శక్తి 65 హార్స్ పవరే. కానీ బండి తేలికైతే ఆ 65 ఎంత పని చేస్తాయో ఆ కుర్రాళ్లు చూపించారు. డబ్బు లేనివాళ్లు చేతిపనితో కనిపెట్టుకున్న విద్య అది. నాకు నచ్చింది ఆ భాగమే.

చట్టం సంగతి ముందే రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లు దీన్ని చివర్లో తలుచుకుంటారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపం నుంచి బండిని మార్చడానికి వీల్లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. అందుకే ఈ బండి రోడ్డెక్కదు. అంబాసిడర్ రిజిస్ట్రేషన్ రద్దు చేయించాకే గ్రైండర్ పట్టుకున్నాను. కట్టిన బండిని డీసీఎం లారీలో ఎక్కించి చేవెళ్ల దగ్గర మా బావగారి మామిడి తోటకు తీసుకెళతాం. అక్కడ ఎరువు బస్తాలు, డ్రిప్ పైపులు మోయడం దాని ఉద్యోగం.

అక్టోబరు 12, ఆదివారం

అంబాసిడర్ 45 వేలకు వచ్చింది. డిక్కీ కింద, వెనుక సీటు కింద, గుమ్మాల దగ్గర తుప్పు పూర్తిగా తినేసింది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అవతలికి దిగుతోంది. అయితే ముందు తలుపులు, పైకప్పు, అద్దం చుట్టూ ఉన్న చట్రం గట్టిగా ఉన్నాయి. ఇంజన్ 1990లలో ఈ కారుకు వచ్చిన 1817 సీసీ ఇసుజు పెట్రోలుది, ఐదు గేర్ల పెట్టెతో సహా. నాలుగు సిలిండర్లలో కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) చూశాం: 145 నుంచి 152 పీఎస్‌ఐ వరకు. అంకె ఎంత పెద్దదన్నదాని కంటే నాలుగూ దగ్గరదగ్గరగా ఉండటం ముఖ్యం. ఒకటి వంద దగ్గర ఆగి ఉంటే బేరం వదులుకునేవాణ్ణి.

అంబాసిడర్‌కు విడి చాసిస్ లేదు, బాడీయే చాసిస్. మధ్యలో కోస్తే బలం పోతుంది. కాబట్టి కింద కొత్త ఫ్రేము కట్టక తప్పదు. గోడ వెంట రెండేళ్ల క్రితం ఒక గోదాము మెట్ల పనిలో మిగిలిన గొట్టాలు రెండున్నాయి: 100 బై 50, మందం 4 మిల్లీమీటర్లు, ఒక్కోటి ఆరు మీటర్లు. మీటరుకు సుమారు తొమ్మిది కిలోలు. ఒక్కో దాంట్లోంచి 3.6 మీటర్ల పట్టె తీస్తే 2.4 మీటర్లు మిగులుతుంది. ఆ మిగులుతో ఐదు అడ్డపట్టెలు వస్తాయి. కాగితం మీద లెక్క వేసుకుని చాలాసేపు సంతోషంగా కూర్చున్నాను. బండి పొడవును నేను నిర్ణయించలేదు, ఆ గొట్టాలే నిర్ణయించాయి.

అక్టోబరు 26, ఆదివారం

రెండు యాక్సిళ్లూ ఒకే బండివి కావాలని పట్టుబట్టాను. వేర్వేరు బండ్లవైతే చక్రాల బోల్టుల కొలత కలవదు, ముందుకొక స్టెప్నీ, వెనుకకొక స్టెప్నీ మోయాలి. ఆటోనగర్‌లో రెండు ఆదివారాలు తిరిగాక ముందు చక్రాలకు డ్రైవు లేని ఒక పాత జీపువి దొరికాయి. కమాన్ పట్టీలు, స్టీరింగ్ బాక్సు, ఐదు డిస్కులతో కలిపి 26 వేలు. బోల్టుల వలయం ఐదున్నర అంగుళాలు, జీపుల పాత కొలత.

వెనుక యాక్సిల్ హౌసింగ్‌లో క్రౌన్, పినియన్ అనే పెద్ద, చిన్న పళ్లచక్రాల నిష్పత్తి ఎంతో విప్పకుండానే చూడవచ్చు. ఒక చక్రాన్ని కదలకుండా బిగించి, రెండోదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పాలి. ఈలోగా పినియన్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. అయిదూ, ఆపైన మూడో వంతు కంటే కాస్త ఎక్కువ వచ్చింది. అంటే 8 పళ్ల పినియన్, 43 పళ్ల క్రౌన్, 5.38. రోడ్డు మీద పరుగెత్తే బండికి ఇది చాలా పొట్టి నిష్పత్తి. నాలుగో గేరులో గంటకు 60 కిలోమీటర్ల దగ్గర ఇంజన్ నిమిషానికి దాదాపు 2450 చుట్లు తిరుగుతుంది. తోటలో బరువు లాగడానికి మాత్రం ఇంతకంటే మంచిది దొరకదు. మార్చడం లేదు.

నవంబరు 9, ఆదివారం

ఫ్రేము. ఈ డైరీలో ఎక్కువ రాయాల్సింది దీని గురించే.

హాట్ రాడ్‌కు ఆ నేలబారు చూపు రావాలంటే బాడీ కిందికి దిగాలి, యాక్సిల్ మాత్రం ఉన్నచోటే ఉండాలి. అందుకు వెనుక యాక్సిల్‌కు ముందు పట్టెను కోసి, వెనుక భాగాన్ని 150 మిల్లీమీటర్లు పైకి లేపి అతికిస్తాం. పక్కనుంచి చూస్తే మెట్టులా ఉంటుంది. బండి బరువు, గుంతల దెబ్బలు, బ్రేకు వేసినప్పటి ఒత్తిడి అన్నీ ఆ మూల మీదే పడతాయి. కాబట్టి అంచులు ఏటవాలుగా గ్రైండ్ చేసి, వెల్డు లోపలిదాకా దిగేలా చూసి, రెండు వైపులా 6 మిల్లీమీటర్ల ఆసరా పలకలు వేశాం. పలక చివరలను నిలువుగా కోయకుండా చేప తోకలా కోశాను. నిలువు అంచు దగ్గర వెల్డు గీత పట్టెకు అడ్డంగా పడుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది.

దీనికి 7018 రకం వెల్డింగ్ రాడ్లు వాడాను. ఈ రాడ్లు గాలిలోని తేమను పీల్చుకుంటాయి, ఆ తేమలోని హైడ్రోజన్ వెల్డులో చేరి తర్వాత ఎప్పుడో పగులుగా బయటపడుతుంది. మా షెడ్డులో వానాకాలమంతా తెరిచి ఉన్న ప్యాకెట్ అది. అందుకే 300 డిగ్రీల దగ్గర గంటసేపు ఆరబెట్టి, వేడివేడిగా ఉండగానే వాడాను. గేటు పనికి ఎవరూ ఇంత చేయరు, అవసరమూ లేదు. మనిషి కూర్చుని నడిపేదానికి చేయాలి.

ఇంత జాగ్రత్తపడ్డా ఒక పొరపాటు చేశాను. అడ్డపట్టెలు టాకాలు వేసి మూల నుంచి మూలకు టేపు పట్టినప్పుడు రెండు కొలతలూ సమానంగా వచ్చాయి. సాయంత్రమవుతోందని ఎడమ వైపు వెల్డు ఒకే ఊపులో పూర్తి చేశాను. చల్లారాక కొలిస్తే 9 మిల్లీమీటర్ల తేడా. వెల్డు చల్లారుతూ ఇనుమును తన వైపు లాగుతుందని ఈ వృత్తిలో మొదటి వారమే నేర్చుకుంటాం. తెలిసి కూడా తొందరపడ్డాను. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

నవంబరు 16, ఆదివారం

ఎడమవైపు రెండు అడ్డపట్టెలు కోసి తీసేశాం. ఫ్రేమును ఆరు చోట్ల నేలకు బిగించి మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి వేలెడు పొడవు వెల్డు ఇక్కడ, తర్వాత దానికి ఎదురు మూలన మరొకటి, మధ్యలో చెయ్యి పెట్టి చూసేంత చల్లారే దాకా ఆగడం. మేనల్లుడు సుద్దముక్కతో ప్రతి వెల్డు పక్కన వరుస సంఖ్య రాశాడు. నలభై నాలుగు దాకా వెళ్లాడు. చివరి కొలత: మూలల మధ్య తేడా 2 మిల్లీమీటర్ల లోపే. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 2750. గొట్టాల్లో మిగిలింది మూరెడు ముక్క.

డిసెంబరు 7, ఆదివారం

బాడీని కోసే రోజు. కోయడానికి ముందే లోపల ముక్కాలంగుళం గొట్టాలతో అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా పట్టీలు కట్టాం. తలుపులు మూసి ఉంచి, సందులు ఎంతెంత ఉన్నాయో రంగు పెన్నుతో తలుపు మీదే రాసి పెట్టాం. ఈ రెండు పనులూ చేయకుండా కోస్తే తలుపు మళ్లీ పట్టదు.

ముందు తలుపు వెనుక స్తంభం దగ్గర కోశాం. ఇప్పుడు వీపు లేని గది మిగిలింది. దానికి కొత్త వెనుక గోడ చేయవచ్చు. కానీ అంబాసిడర్ వెనుక అద్దం చుట్టూ ఉండే ఆ వంపు, 1950ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి 2014లో ఉత్తర్‌పారాలో ఆఖరి కారు దాకా మారకుండా వచ్చిన వంపు, దాన్ని తుక్కులో పారేయాలనిపించలేదు. వెనుక అద్దంతో సహా ఆ పైకప్పు ముక్కను కోసి, ముందుకు జరిపి, తలుపుల వెనుక అతికించాలని నిశ్చయించాం.

సమస్య వెడల్పు. పైకప్పు తలుపుల దగ్గర వెడల్పుగా, వెనుకకు పోయేకొద్దీ సన్నగా ఉంటుంది. ముక్కను ముందుకు తెచ్చేసరికి రెండు పక్కలా అరవై మిల్లీమీటర్ల చొప్పున ఖాళీ. రేకును త్రికోణాలుగా కోసి, విప్పి, మధ్యలో ముక్కలు కలపాలి. గేట్లు చేసే చేతులకు అది వచ్చే పని కాదు. ముషీరాబాద్ నుంచి ఒక డెంటింగ్ చాచాను తీసుకొచ్చాను. డెబ్బై దాటిన మనిషి. వచ్చి, పైకప్పు మీద అరచేతితో ఒకసారి నిమిరి, "దీనికి నాలుగు రోజులు పడుతుంది బాబూ. మూడు రోజుల్లో చేయమని మాత్రం అడగకండి," అన్నారు.

ఆయన పని చూడటం నాకు ఈ ప్రాజెక్టులో దొరికిన పెద్ద లాభం. అంగుళానికో టాకా, ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర. వేడికి రేకు ఉబ్బిన చోట మళ్లీ చిన్న చుక్కంత వేడి చేసి, వెంటనే తడిగుడ్డ అద్దేవారు. రేకు చప్పుడు చేస్తూ లోపలికి ముడుచుకునేది. సుత్తి దెబ్బ కింద ఎప్పుడూ దిమ్మె ఉండేది. పుట్టీ వాడకం గురించి అడిగితే, "పుట్టీ రేకు మీద ఉండే పౌడరు మాత్రమే, అది ముక్కు కాదు," అన్నారు. నాలుగు రోజులకు పన్నెండు వేలు తీసుకున్నారు. ఆ డబ్బు ఈ బండిలో ఖర్చయిన అన్ని డబ్బుల కంటే మంచి చోటికి వెళ్లింది.

పైకప్పు ఎత్తు తగ్గించమని చాలామంది సలహా ఇచ్చారు. చేయలేదు. ఎత్తు తగ్గిస్తే అద్దాలూ తగ్గాలి. గట్టిపరచిన అద్దాన్ని కోయడం కుదరదు, గీత పెట్టగానే మొత్తం గింజలుగా రాలిపోతుంది. కొత్త అద్దాలు చేయించే డబ్బు మన దగ్గర లేదు. దానికి బదులు అడుగురేకును కోసి, గది మొత్తాన్ని ఫ్రేము మీదికి 100 మిల్లీమీటర్లు దించాం. చూపు అదే వచ్చింది.

డిసెంబరు 21, ఆదివారం

వెనుక తొట్టి. దీని కోసం అమ్మను అడగాల్సి వచ్చింది.

మా ఇంట్లో ఒక ఆల్విన్ బీరువా ఉండేది. కింద తుప్పు పట్టి అడుగు ఊడిపోయింది, ఐదేళ్లుగా మేడ మీద పడి ఉంది. 1942లో మొదలై సనత్‌నగర్‌లో బీరువాలు, ఫ్రిజ్‌లు, ఈ ఊరి డబుల్ డెక్కర్ బస్సుల బాడీలు చేసిన కంపెనీ అది. జహీరాబాద్‌లో నిస్సాన్‌తో కలిసి చిన్న లారీలు కూడా చేసింది, తర్వాత ఆ పని మహీంద్రా చేతికి వెళ్లింది. ఈ ఊళ్లో పికప్పు కడుతూ దాని తొట్టికి ఆల్విన్ రేకు వాడటం సరైన పనిగా తోచింది. "తలుపులు తీసుకో, లోపలి లాకరు మాత్రం నాకు ఉంచు," అంది అమ్మ.

రెండు తలుపులు రెండు పక్కగోడలయ్యాయి. బీరువా వీపురేకు వెనుక తలుపైంది. రేకు పలచన కాబట్టి లోపల గ్రిల్ పనిలో మిగిలిన పది మిల్లీమీటర్ల చదరపు కడ్డీలతో గళ్లు కట్టాం. అడుగున పాతబస్తీలో కూల్చిన ఒక ఇంటి టేకు దూలాన్ని పలకలుగా కోయించి పరిచాను. ముందు రేడియేటర్ చుట్టూ ఉండే ముఖం కూడా మన గ్రిల్ కడ్డీలే, నిలువుగా పదిహేను.

అన్నిటికంటే బాగా కుదిరింది బీరువా పిడి. బీరువాలో పిడి తిప్పితే లోపల రెండు కడ్డీలు పైకీ కిందికీ జరిగి తలుపును బిగిస్తాయి. అదే యంత్రాన్ని అడ్డంగా పడుకోబెడితే కడ్డీలు కుడికీ ఎడమకూ జరుగుతాయి. తొట్టి వెనుక తలుపుకు అంతకంటే ఏం కావాలి? కడ్డీలు వెల్డు చేసి పొడవు పెంచాం, చివర్లు కాస్త కోసుగా లేత్ మీద తీశాం. గట్టిగా పట్టేస్తోంది. దీని గురించి ఆలోచిస్తూ ఒక రాత్రంతా సంతోషంగా గడిచింది.

జనవరి 4, ఆదివారం

ఇంజన్ దిగింది. ఇంజన్ వెనుక చివర కిందికి 3 డిగ్రీలు, పినియన్ ముక్కు పైకి 3 డిగ్రీలు. ఈ రెండు కోణాలు సమానంగా లేకపోతే, గేర్ల పెట్టెను వెనుక యాక్సిల్‌తో కలిపే షాఫ్టు కీళ్లు, అంటే క్రాసులు, ఒకదాని వణుకును మరొకటి సరిచేయలేవు, బండి ఒక వేగం దగ్గర గుయ్యిమంటుంది. షాఫ్టు పొడవు కొలిచింది బండి బరువు చక్రాల మీద పడ్డాకే. జారే కీలులో అంగుళం ఖాళీ వదిలాం. కోసి, అతికి, బ్యాలెన్స్ చేయించడానికి నాలుగున్నర వేలు.

రేడియేటర్‌కు కొత్త కోరు వేయించి, తుక్కులోని ఒక చిన్న కారు కరెంటు ఫ్యాను బిగించాం. వైరింగ్ గురించి రాయడానికి ఏమీ లేదు: ఎనిమిది ఫ్యూజులు, ఇంజన్ నుంచి ఫ్రేముకు, ఫ్రేము నుంచి బాడీకి విడివిడిగా మందపాటి ఎర్త్ పట్టీలు.

బ్రేకుల్లో మాత్రం పాత వస్తువు ఒక్కటీ లేదు. మాస్టర్ సిలిండర్, చక్రాల సిలిండర్లు, లైనింగులు, పైపులు, హోసులు అన్నీ రాణీగంజ్‌లో కొన్న కొత్తవే, 14,200. జీపుకు మొదట ఉన్నది ఒకే వలయం. ఒక్క పైపు కారితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. రెండు గదుల మాస్టర్ సిలిండర్ వేసి ముందుకొకటి, వెనుకకొకటి విడదీశాం. మిగిలిన ముక్కలతో బండి కట్టడమంటే నాకు ఇష్టమే, కానీ బ్రేకు దగ్గర పాత ముక్క పెట్టినవాణ్ణి నేను మెచ్చుకోను. టైర్లు కూడా కొత్తవే, నాలుగూ 18 వేలు.

జనవరి 18, ఆదివారం

సంక్రాంతి సెలవుల్లో బండిని డీసీఎంలో ఎక్కించి తోటకు తెచ్చాం. ఆ పేరుతో లారీలు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడినా, ఈ ఊళ్లో ఏ కంపెనీ చిన్న లారీనైనా డీసీఎం అనే పిలుస్తాం. దారిలో కాంటా మీద బరువు చూశాం. ఖాళీ లారీ బరువు తీసేస్తే మన బండి 985 కిలోలు.

చక్రం కింద నిమ్మకాయ పెట్టాం. మేనల్లుడు నడుపుతానన్నాడు. "ముందు నేను, తర్వాత నువ్వు," అన్నాను. మొదటి గేరులో మామిడి చెట్ల మధ్య మట్టిదారిన కదిలింది. మూడో గేరులో 35 దాటగానే ముందు చక్రాలు ఒక్కసారిగా ఊగడం మొదలుపెట్టాయి. స్టీరింగ్ చేతుల్లో కొట్టుకుంది. మెల్లగా బ్రేకు వేస్తే తిన్నగా ఆగింది. కొత్త బ్రేకులకు మనసులోనే దండం పెట్టాను.

బేరింగులు, కింగ్ పిన్నులు (ముందు చక్రాలు పక్కకు తిరిగే ఇరుసులు), టై రాడ్ చివరలు అన్నీ ముందే చూసినవే. కోణం కొలిస్తే తెలిసింది: ఫ్రేము వెనుక లేచి, ముందు దిగడంతో యాక్సిల్ ముందుకు వాలింది. కింగ్ పిన్ను పైభాగం వెనుకకు వాలి ఉండాల్సినంత వాలి లేదు, ఒక్క డిగ్రీ మాత్రమే ఉంది. సైకిల్ ముందు ఫోర్కు వాలు చూడండి, చేతులు వదిలినా తిన్నగా పోవడానికి ఆ వాలు కూడా సాయపడుతుంది.

ఫిబ్రవరి 1, ఆదివారం

షెడ్డులో నాలుగు డిగ్రీల వాలున్న ఇనుప పలకలు మిల్లింగ్ చేయించి తెచ్చి, యాక్సిల్‌కూ కమాన్ పట్టీలకూ మధ్య పెట్టి యూ బోల్టులు బిగించాం. ఇప్పుడు ఐదు డిగ్రీలు. స్టీరింగ్ కాస్త బరువైంది. 35, 40, 50. చక్రాలు కదల్లేదు. తోట చివర మలుపు తిరిగాక మేనల్లుడికి ఇచ్చాను. వాడు ఒక్క మాట మాట్లాడకుండా మూడు చుట్లు తిప్పి, దిగి, బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

మధ్యాహ్నం మొదటి బరువు: నలభై కిలోల ఎరువు బస్తాలు ఆరు. వెనుక కమాన్లు 28 మిల్లీమీటర్లు దిగాయి. టైరు తొట్టికి తగల్లేదు, ఇంకా నాలుగు వేళ్ల సందు ఉంది.

ఇప్పటిదాకా ఖర్చు 1,47,500. అంబాసిడర్ మిగులు తుక్కు అమ్మితే వచ్చిన 3,800 తీసేశాకే ఆ లెక్క. రంగు వేయలేదు. గదికి ఎర్ర ఆక్సైడు, తొట్టికి బీరువా పాత బూడిదరంగు అలాగే ఉన్నాయి. చేతి బ్రేకు కేబుల్ ఇంకా బిగించాలి, కుడి తలుపు కింద సందు రెండు మిల్లీమీటర్లు సరిచేయాలి, వేసవి ముదిరే లోపు నలభై డిగ్రీల ఎండలో రేడియేటర్‌ను ఒక పూట పరీక్షించాలి.

సాయంత్రం అమ్మ తోటకు వచ్చింది. బండి చుట్టూ ఒకసారి తిరిగి, తొట్టి వెనుక ఆగి, పిడి పట్టుకుని తిప్పింది. కడ్డీలు రెండు పక్కలా టక్కున పడ్డాయి. "చప్పుడు మారలేదురా," అని మళ్లీ తెరిచి, మళ్లీ మూసింది.